ఋతువులును అపరాధ పరిశోధక నవలయును

ప్రబంధమునకు అష్టాదశ వర్ణనలను విధించిన మన ఆలంకారికులు ఋతువర్ణనను వానిలో నొకటిగా చేర్చిరి గాని, ఆ ఋతువే లేకున్న కథ యొక అడుగైనను ముందునకు సాగదని ఎన్నడును చెప్పలేదు. వసంతమునకు మారుగా శరత్తును నిలిపినను నాయికా విరహమునకు లోపమేమియు రాదు, చంద్రుడు రెండు ఋతువులందును కాయును. అపరాధ పరిశోధక నవల ఈ విషయమున ప్రబంధమునకు పూర్తిగా ఎదురు. అందు మంచు కురియనిచో అడుగుజాడలు పడవు, వరద రానిచో గ్రామము లోకమునుండి వేరుపడదు, పండుగ రానిచో ఏండ్లతరబడి మాటలు లేని అన్నదమ్ములు ఒక పంక్తిని భోజనమునకు కూర్చుండరు. వారు కూర్చుండనిచో హత్యయు లేదు, కథయు లేదు. ఋతువునకు ఇంత పని యప్పగించిన సాహిత్యశాఖ మరియొకటి నాకు తోచుట లేదు. కథలో ఏ ఋతువు నడచునో ఆ ఋతువునందే పుస్తకమును తీసి చదువుట యను ఆచారము ఇంగ్లండునందును, అంతకంటె విచిత్రమైన రీతిని నార్వే దేశమునందును నెలకొనుటకు ఇది యొక కారణము. అయితే ఆ ఆచారమునకు పునాది వేసినవారు పాఠకులు కారు, పుస్తక వర్తకులు; ఈ సంగతిని మొదటనే చెప్పివేయుట న్యాయము.

1843 వ సంవత్సరము డిసెంబరు 19 వ తేదీన చార్లెస్ డికెన్సు "ఎ క్రిస్మస్ కెరల్" అను చిన్న పుస్తకమును వెలువరించెను. చలికాలపు దీర్ఘరాత్రులందు నిప్పు చుట్టు చేరి దయ్యముల కథలు చెప్పుకొనుట ఆ దేశమున అంతకు పూర్వమునుండియు గలదు. నోటిమాటగా సాగుచున్న ఆ వాడుకను డికెన్సు అచ్చువేయించి అంగడికి తెచ్చెను. జనులు కానుకలకై డబ్బు వెచ్చించు మాసము డిసెంబరు గనుకను, పుస్తకము చవుకయైన కానుక గనుకను, పత్రికాధిపతులు ఆ మాసమునకై ప్రత్యేక సంచికలను సిద్ధపరుప మొదలిడిరి. అట్టి సంచికలలో శామ్యూల్ బీటన్ 1860 లో ప్రారంభించిన క్రిస్మస్ వార్షికము ఒకటి. ఇంగ్లీషు గృహిణులకు వంటయు గృహనిర్వహణమును నేర్పిన సుప్రసిద్ధ గ్రంథమును రచించిన ఇసబెల్లా బీటన్ ఈయన భార్యయే. 1886 లో, రోగులు తగినంతమంది రాక పోర్ట్‌స్మౌత్ నగర ప్రాంతమున తీరికగా కూర్చున్న ఆర్థర్ కోనన్ డాయిల్ అను యువవైద్యుడు వ్రాసిన నవలయొకటి, ఒకరిద్దరు ప్రకాశకుల వాకిళ్లనుండి తిరిగివచ్చి, తుదకు వార్డ్ లాక్ కంపెనీవారిని చేరెను. బజారునందు చవుక కథలు వెల్లువగా నున్నవనియు, ఈ యేడు వేయజాలమనియు, మరుసటి యేటి వరకు నిలిపియుంచుట కిష్టమైనచో 25 పౌనులకు సర్వహక్కులను కొనెదమనియు వారు వ్రాసిరి. వైద్యుడు నొచ్చుకొనెను గాని ఒప్పుకొనెను. ఆ నవల 1887 నవంబరులో, ఒక షిల్లింగు వెలతో, బీటన్ వారి క్రిస్మస్ సంచికలో అచ్చయినది. దాని పేరు "ఎ స్టడీ ఇన్ స్కార్లెట్". అందు లోకమునకు తొలిసారిగా కనిపించినవాడు షెర్లాక్ హోమ్సు.

వింత యేమనగా, ఆ కథలో క్రిస్మసు ప్రసక్తి లేనే లేదు. హోమ్సు పరిశోధనకు బయలుదేరిన దినము మార్చి 4. కథలో సగము అమెరికాలోని యూటా ఎడారియందు నడచును. పండుగ సంచిక యను అట్టలో పండుగతో సంబంధము లేని కథను పెట్టి అమ్మిరన్నమాట. ఋతువు అప్పటికి అంగడిలో మాత్రమే యున్నది, కథలోనికి ఇంకను అడుగు పెట్టలేదు.

అది కథలో ప్రవేశించిన ఘట్టమును మనము వేలు పెట్టి చూపగలము. 1891 జనవరిలో పుట్టిన స్ట్రాండ్ మాసపత్రిక, ఆ యేటి జూలై మొదలు హోమ్సు కథలను నెలకొకటి చొప్పున వేయుచు, 1892 జనవరి సంచికలో "ది బ్లూ కార్బంకల్" అను కథను ప్రకటించెను. క్రిస్మసు వెళ్లిన రెండవనాటి ఉదయమున వాట్సను తన మిత్రునికి పండుగ శుభాకాంక్షలు తెలుప వచ్చుసరికి, హోమ్సు ఒక పాతటోపీని పరీక్షించుచుండును. ఆ టోపీతోపాటు వీథిలో దొరికినది వండుటకు సిద్ధముగా నున్న పెద్దబాతు. దాని కంఠములోని తిండిసంచిలో బయటపడినది ఒక సంపన్న వనిత పోగొట్టుకొన్న నీలమణి. ఇక ఆ బాతు పుట్టుపూర్వోత్తరముల యన్వేషణమే కథ. ఇచ్చట ఆ కాలపు లండను పేదవారి యాచార మొకటి మనకు తెలియవచ్చును. పెద్దబాతు లేనిదే క్రిస్మసు విందు విందు కాదు. కాని దానిని ఒక్కసారిగా కొనుటకు కూలినాలి వారికి శక్తి లేదు. కావున పానశాలల యజమానులు, మన వాడలలో చీటీలు కట్టించుకొను పద్ధతినే, వారమునకు కొన్ని పెన్నీలు వసూలు చేసి పండుగనాటికి సభ్యుని కొక బాతును ఇచ్చెడివారు. కథలో బ్రిటిష్ మ్యూజియము దగ్గరి ఆల్ఫా పానశాల వారు నడపినది అట్టి సంఘమే. అక్కడినుండి కోవెంట్ గార్డెన్ అంగడికిని, అంగడినుండి బ్రిక్స్‌టన్ రోడ్డున బాతులను పెంచు ఇల్లాలి దొడ్డి వరకును ఆ బాతు జాడను హోమ్సు ఒక్క రాత్రిలో వెనుకకు పట్టును. దొంగ చిక్కును, వణకును, ఏడ్చును. హోమ్సు వానిని పోలీసులకు ఒప్పగింపక, ఇది క్షమింపదగిన కాలమని తలచి, తలుపు తెరచి పొమ్మనును. ఈ కథనుండి పండుగను తీసివేసినచో బాతు లేదు, చీటీసంఘము లేదు, కడపటి క్షమాపణమునకు అర్థమును లేదు. పెద్దబాతునకు కోడివలె కంఠమున తిండిసంచి యుండదని తరువాతి విమర్శకులు తప్పు పట్టిరి. ఆ యాక్షేపణ న్యాయమైనదే గాని, దానివలన కథ రుచి తగ్గినట్లు నేనెరుగను.

డాయిల్ కథలలో క్రిస్మసు కంటె తరచుగా కనిపించునది లండను వాతావరణము. "ది ఫైవ్ ఆరెంజ్ పిప్స్" సెప్టెంబరు కడపటి దినముల తుపాను గాలులతో మొదలగును. "ది బ్రూస్ పార్టింగ్టన్ ప్లాన్స్" 1895 నవంబరు మూడవ వారమున నగరమును క్రమ్ముకొన్న పసుపుపచ్చని పొగమంచులో నడచును. బాస్కర్‌విల్ జాగిలపు కథకు డార్ట్‌మూర్ బయళ్లలోని శరత్కాలపు పొగమంచు లేనిదే భయము లేదు. ఆ లండను పొగమంచు కేవలము ప్రకృతి యిచ్చినది కాదు, లక్షల పొయ్యిలలో కాలిన బొగ్గు పొగతో కలిసి గడ్డకట్టినది. 1952 డిసెంబరులో అది కొన్ని దినములపాటు నగరమును కప్పి వేలకొలది ప్రాణములను బలిగొనగా, 1956 లో పరిశుభ్రవాయు శాసనము వచ్చెను. పొగమంచు క్రమముగా తొలగిపోయెను. నేడు నవంబరున లండనులో దిగిన యాత్రికునికి హోమ్సు చూచిన నవంబరు కానరాదు. అది కథలలోనే యున్నది, అక్కడనే చదివి యనుభవింపవలెను. నగరవాసుల ఊపిరితిత్తులకు ఇది గొప్ప మేలని వేరుగ చెప్పనేల?

వేసవి పఠనమునకు తల్లి రైలుబండి. యూస్టన్ స్టేషనులో డబ్ల్యూ. హెచ్. స్మిత్ వారు 1848 లో పుస్తకముల అంగడి తెరచిరి. 1871 నాటి శాసనము బ్యాంకుల సెలవులను స్థిరపరచి, ఆగస్టు మొదటి సోమవారమును ఉద్యోగులకు విశ్రాంతిదినముగా నొసగెను. రైలెక్కి సముద్రతీరమునకు పోవు గుమాస్తాకు ప్రయాణమున చదువుటకు ఒక పుస్తకము కావలసివచ్చెను. విల్కీ కాలిన్సు వ్రాసిన "ది మూన్‌స్టోన్" ఇంతకు పూర్వమే, 1868 జనవరి మొదలు ఆగస్టు వరకు వారపత్రికలో వెలువడినది. 1799 లో శ్రీరంగపట్టణము పడిపోయిననాడు దోపిడియై, తరువాత ఇంగ్లండు చేరిన మణి, 1848 జూన్ 21 వ తేదీ రాత్రి, అనగా ఆ దేశమున సంవత్సరములో కెల్ల పొట్టిదైన రాత్రి, మాయమగును. జూన్‌లో చదువదగిన పరిశోధక నవల యేదని యెవరైన నడిగినచో నేను సంకోచింపక చెప్పునది ఇదియే.

వేసవి నవలలలో విచిత్రమైన చరిత్ర గలది అగాథా క్రిస్టీ రచించిన "ఈవిల్ అండర్ ద సన్". డెవన్ తీరమున పోటు వచ్చినప్పుడు నేలనుండి వేరుపడు బర్గ్ ద్వీపమును మనసున నుంచుకొని ఆమె కల్పించిన దీవిలో, ఇసుకపై వరుసగా పండుకొని ఎండ కాచుకొను జనుల నడుమ హత్య జరుగును. అట్లు పండుకొన్న దేహములన్నియు ఒక్కటిగా కనిపించుననియు, మనిషి గుర్తు పోవుననియు ఆమె పరిశోధకుడైన హెర్క్యూల్ పోయిరో విసుగుకొనును. ఆ విసుగును చదువరి తేలికగా త్రోసివేయరాదు. ఈ పుస్తకము 1941 లో వెలువడినది. అప్పటికి జర్మనుల దండు దిగునను భయముచేత దక్షిణ తీరమందలి ఇసుకతిన్నెలపై ముళ్లకంచెలు వేసి, మందుపాతరలు పాతియుండిరి. ఆ యేటి పాఠకులకు సముద్రపు వేసవి పుస్తకములో తప్ప మరెక్కడను దొరకలేదు.

క్రిస్టీ పేరు చెప్పినంతనే ఇంగ్లీషు పాఠకునికి స్ఫురించునది వేసవి కాదు, డిసెంబరు. ఆమె ప్రకాశకులైన కాలిన్సు వారు ఏటేటా శీతకాలపు విక్రయమునకు ఆమె కొత్త నవలను సిద్ధపరచి, క్రిస్మసునకొక క్రిస్టీ యని చాటింపు వేయుటచే, అది లక్షల కుటుంబములందు పండుగ సామగ్రిలో నొకటి యయ్యెను. ఇన్ని డిసెంబరులందు అమ్ముడుపోయిన ఆమె నవలలలో క్రిస్మసునాడు కథ నడచునది మాత్రము దాదాపు ఒక్కటే: 1938 డిసెంబరునాటి "హెర్క్యూల్ పోయిరోస్ క్రిస్మస్". ఆమె బావగారు జేమ్సు, మరదలి పుస్తకములలోని హత్యలు రానురాను నెత్తురు లేనివై పోవుచున్నవనియు, నెత్తురు పారు హత్య యొకటి కావలెననియు ఫిర్యాదు చేయగా, ఆ నవలను ఆయనకే అంకితమిచ్చి కోరిక తీర్చినది. చెషైరులోని ఆయన ఆబ్నీ హాల్ భవనమునందు ఆమె గడపిన పండుగలే ఇట్టి కథలలోని పెద్ద ఇండ్లకు మూలము. డిసెంబరు 22 మొదలు 28 వరకు దినవారీగా సాగు ఈ నవలలో ముసలి సిమియోన్ లీ తన కొడుకులను, కోడండ్రను ఒక కప్పు క్రిందికి రప్పించును. పండుగ మనుష్యుల మనసులను మెత్తపరచునని ఒకరనగా, బలవంతపు చిరునవ్వును దినమంతయు మోయవలసి వచ్చుటచే లోపలి ద్వేషము మరింత బలియునని పోయిరో అభిప్రాయపడును. కుటుంబమను దానిని ఇంత నిష్కర్షగా చూచిన వాక్యములు గంభీర నవలలందును అరుదు. సంక్రాంతికి పుట్టింటి సొత్తు పంపకముల మాట లేవదీయు ఇండ్లను చూచినవారికి దీనిని వేరుగ వివరింపనక్కరలేదు.

మంచు మాట చెప్పవలసి యున్నది. దక్షిణ ఇంగ్లండులో క్రిస్మసునాడు నేల తెల్లబడునంతగా మంచు కురియుట నిజమునకు అరుదు. డికెన్సు బాల్యమున గడచినవి మిక్కిలి చలియేండ్లగుటచే ఆ చిత్రము ఆయన రచనలలో ప్రవేశించి జాతి స్మృతియై కూర్చున్నది. నవలాకారులకు మాత్రము అది వరప్రసాదమైనది. మంచు ఒక యింటిని లోకమునుండి వేరుచేయును, వైద్యుని పోలీసులను రానీయదు, నడచినవాని పాదమును అచ్చు వేసియుంచును, నడువనివాని నిర్దోషిత్వమునకు సాక్ష్యమిచ్చును. 1929 లో ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్ బండి టర్కీలోని చెర్కెజ్‌కోయ్ దగ్గర మంచులో చిక్కి ఐదారు దినములు కదలలేదు. 1931 డిసెంబరులో క్రిస్టీ తానే ఆ బండిలో తిరిగివచ్చుచు వరదల వలన త్రోవలో ఆగిపోయినది. ఈ రెండును కలిసి 1934 నాటి ఆమె నవలలో యుగోస్లావియా మంచుదిబ్బ నడుమ ఆగిన పెట్టెలైనవి. జె. జెఫర్సన్ ఫార్జన్ వ్రాసిన "మిస్టరీ ఇన్ వైట్" అను 1937 నాటి నవలలోను, క్రిస్మసు ముందునాడు మంచులో ఆగిన రైలునుండి దిగిన ప్రయాణికులు ఒక యింటిని చేరుదురు. పొయ్యిలో నిప్పున్నది, బల్లపై తేనీరు సిద్ధముగా నున్నది, మనుష్యులు లేరు. ప్రారంభము అద్భుతము, ముగింపు సామాన్యము. మరపున పడిన ఈ పుస్తకమును బ్రిటిష్ లైబ్రరీ వారు 2014 లో పునర్ముద్రింపగా, ఎవరును ఊహింపనంతగా ఆ క్రిస్మసునకు అమ్ముడుపోయినది.

ఇట్లు వర్తకులు వేసిన పట్టికలో ఇమిడిన పుస్తకములు పెక్కు గలవు గాని, సంవత్సరమంతటిని తనలో నిముడ్చుకొన్నది ఒకటి గలదు. అది డొరొతీ సేయర్సు రచించిన 1934 నాటి "ది నైన్ టైలర్స్". ఆమె తండ్రి తూర్పు ఇంగ్లండునందలి ఫెన్ పల్లపు భూములలో చర్చి పురోహితుడు. సముద్రమట్టమునకు మించి యెంతో ఎత్తులేక, కాలువలును తూములును కాపాడినంత కాలమే పొలముగా నిలుచు ఆ నేలను ఆమె చిన్ననాటినుండి ఎరుగును. డిసెంబరు 31 వ తేదీ సాయంకాలము మంచులో ఆమె పరిశోధకుడైన లార్డ్ పీటర్ విమ్సీ కారు దారి తప్పి కందకములో పడును. ఊరి పురోహితుడు ఆశ్రయమిచ్చును. చర్చి గంటలు మ్రోగించువారిలో ఒకడు జబ్బుపడగా, అతని స్థానమున విమ్సీ నిలిచి, నూతన సంవత్సరమునకు స్వాగతముగా ఎనిమిది చర్చి గంటలపై, మ్రోగు వరుసలో 15,840 మార్పులతో, తొమ్మిది గంటల కాలము సాగు వాద్యమున పాల్గొనును. ఈస్టరు వేళకు, సమాధి యొకటి తెరచినప్పుడు, అందుండరాని శవము కనబడును. మరుసటి శీతకాలమున తూములు తెగి, ఊరంతయు గుడిలో తలదాచుకొనును. చనిపోయినవాడు ఎట్లు చనిపోయెనో కడపటి పుటలలో తెలిసినపుడు, ఋతువును, పండుగను, గంటలును నేరమునకు కేవలము రంగస్థలము కావని చదువరి గ్రహించును. ఈ శాఖలో దీనిని మించిన ఋతుకావ్యము లేదని నా నిశ్చితాభిప్రాయము.

ఇంగ్లండునందు ఇంత సాగినను ఇది యొక అభిరుచియే. జాతీయాచారముగా మారినది నార్వేలో. 1923 మార్చి 24 న, మట్టల ఆదివారమునకు ముందునాడు, ఆఫ్టెన్‌పోస్టెన్ దినపత్రిక మొదటి పుటపై, గతరాత్రి బెర్గెన్ రైలు దోపిడి యైనదని పెద్ద అక్షరములతో కనబడెను. ఈస్టరు సెలవులకై ఆ దారినే కొండలకు బంధువులను పంపినవారు ఉలిక్కిపడిరి. అది వార్త కాదు, నవల పేరు. క్రింద చిన్న అక్షరములలో పుస్తక ప్రకటన యున్నది. ఆ నవలను వ్రాసినవారు నూర్దాల్ గ్రీగ్, నీల్స్ లీ యను ఇద్దరు విద్యార్థులు. యోనాథన్ యెర్వ్ అను మారుపేరు పెట్టుకొనిరి. ప్రచురించిన గిల్డెండల్ సంస్థకు అప్పుడు అధ్యక్షుడు గ్రీగు అన్న హరాల్డు. గ్రీగుకు వయస్సు ఇరువది యేండ్లే. ఆయన తరువాత జాతి మన్నించిన కవియై, 1943 డిసెంబరులో బెర్లిను మీదికి పోయిన యుద్ధవిమానము కూలి మరణించెను. చిల్లర డబ్బుకై ఆడిన ఆ విద్యార్థి చేష్ట, ఆయన పద్యములతో సమానముగ, ఆ దేశమున ఏటేటా తలంపబడుచున్నది.

ఒక ప్రకటన ఎంత చతురమైనను నూరేండ్ల ఆచారమును నిలుపజాలదు. నార్వేవారి సెలవుల తీరు దానిని నిలిపినది. పవిత్ర గురు, శుక్రవారములందును, ఈస్టరు ఆది, సోమవారములందును అంగళ్లు మూతపడును. జనులు కొండలలోని కొయ్యయిండ్లకు పోయి, పగలు మంచుపై స్కీలతో జారుచు, నారింజపండ్లును, 1937 నుండి ఫ్రెయా కంపెనీవారు చేయుచున్న క్విక్ లున్ష్ చాక్లెట్టును తినుచు, రాత్రులందు వేరు పని లేక పుస్తకము పట్టుకొందురు. ప్రకాశకులు వసంతమున అపరాధ నవలలను గుట్టలుగా విడుదల చేయుదురు. రేడియో నాటకములును, టెలివిజను ధారావాహికలును అదే వారమున వచ్చును. పాలడబ్బాలపైనను చిన్న హత్యాకథలను బొమ్మలతో అచ్చువేయుట గలదు. బెర్గెన్ దారిలో 1222 మీటర్ల ఎత్తున నున్న ఫిన్సే స్టేషను దగ్గర మంచులో రైలు పట్టాలు తప్పినట్లు ఆన్ హోల్ట్ 2007 లో వ్రాసిన నవలకు "1222" అని ఆ యెత్తునే పేరుగా పెట్టినది. క్రీస్తు శిలువ నెక్కిన వారమున హత్యాకథలు చదువుట తగునా యని ధార్మికులు అడుగవచ్చును. నార్వేవారు ఆ ప్రశ్నను అంతగా పట్టించుకొన్నట్లు లేదు.

మన దేశమున ఈ పద్ధతికి సాటియైనది వంగదేశమునందు గలదు. దుర్గాపూజకు వెలువడు శారదీయ సంచికలందు నవలలనే పూర్తిగా వేయు ఆచారమును సత్యజిత్ రాయ్ తాను సృష్టించిన ఫెలూదా యను పరిశోధకునితో అలంకరించెను. 1970 మొదలు దేశ్ పత్రిక శారదీయ సంచికలలో గాంగ్‌టోక్ కథయు, సోనార్ కేల్లాయు, 1975 లో కాశీక్షేత్రమున దుర్గాపూజ వేళనే నడచు జయ్ బాబా ఫెలూనాథ్‌ను వచ్చినవి. పండుగనాడు పండుగ కథను చదివిన వంగ బాలుర అదృష్టమును చూచి ఈర్ష్య పడనివాడు నిజమైన పాఠకుడు కాడు. తెలుగున పాంచకడి దేవ్ వంగ నవలల పరివర్తనములును, పిమ్మట కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివు యుగంధరును, అతని సహాయకుడు రాజును పాఠకులను నిద్రకు దూరము చేసిరి గాని, మన ఉగాది సంచికలు పద్యములకును వ్యాసములకును పెద్దపీట వేసి పరిశోధకుని వాకిట నిలిపినవి. యుగంధరునకు ఋతువేదైన నున్నదనినచో అది బడులకు వేసవి సెలవులిచ్చిన ఋతువు. అతని నిలయము అద్దెకు పుస్తకములిచ్చు కొట్టు.

ఈ పఠనమును ఆరంభింపగోరువారు డిసెంబరు కడపటి వారమున హోమ్సు నీలమణి కథతో మొదలుపెట్టవచ్చును. దానికి ఒక సాయంకాలము చాలును. నవలయే కావలెనన్నవారు జనవరి మొదటి దినమున "ది నైన్ టైలర్స్" తెరచి, గంటల వాద్యమును గూర్చిన లెక్కలు తలకెక్కకున్నను దాటవేయక చదువవలెను; దొంగసొమ్ము జాడ ఆ లెక్కలలోనే దాగియున్నది.